జంట పేరులో ఇద్దరు

మా పెద్దమ్మ వాళ్ళని ఎప్పుడూ విడదీసి పిలవలేదు. "సీతా అనసూయా పాడతన్నారు, రేడియో గొంతు పెంచవే" అనేది. దర్శిలో పంతులమ్మ ఆమె. సాగర్ కాలువ కింద రెండెకరాల మిరప కూడా ఉండేది. విజయవాడ కేంద్రం నుంచి వింజమూరి సోదరీమణుల పాట వస్తే పొయ్యి మీద కూర మాడినా లేచేది కాదు. పెళ్ళైన కొత్తలో మద్రాసులో వాళ్ళ కచేరీ ఒక్కటే ఒక్కటి విన్నదట. జీవితమంతా దాని గురించే చెప్పింది.

ఆమె చెప్పిన వాటిలో నాకు బాగా గుర్తున్నది హార్మోనియం. అనసూయ హార్మోనియం విద్వాంసురాలు. 1940లో ఆకాశవాణి ఆ పెట్టెని నిషేధించింది. ఆ నిషేధం మూడు దశాబ్దాలు సాగింది. కాబట్టి రేడియో అభిమానికి అందని అనసూయ కచేరీలో మాత్రమే కనిపించేది. రేడియోలో ఒకటే గొంతనిపించే వాళ్ళు ఇద్దరు మనుషులని పెద్దమ్మకి అక్కడే తెలిసింది. అయినా ఇంటికొచ్చాక మళ్ళీ ఒకటే పేరుగా పిలిచింది! అభిమానం ఇలాంటి పనులు చేస్తుంది.

పండిత కుటుంబంలో పుట్టి, దేవులపల్లి కృష్ణశాస్త్రి మేనకోడళ్ళుగా భావగీతాలతోనే సరిపెట్టుకోగలిగిన ఈ ఇద్దరూ నాట్ల పాటల్ని, దంపుళ్ళ పాటల్ని సభకి తెచ్చారు. 'కూలి జనం పాట' అని మొహం చిట్లించే సభలో కూర్చుని పాడటం చిన్న సాహసం కాదు. దాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. కానీ మా కల్లంలో జరిగిన ఒక సంగతి నన్ను వదలదు.

ఎండు మిరపకాయల్లో తాలు ఏరుతున్నారు ఆడవాళ్ళు. ముక్కుకి పైట చెంగు కట్టుకుని పెద్దమ్మ కూడా కూర్చుంది. ఉత్సాహం వచ్చి సీతా అనసూయల పాటొకటి అచ్చం వాళ్ళలాగే సాగదీసి ఎత్తుకుంది. రెండో చరణానికి పక్కనున్నామె నవ్వింది.

"అది రేడియో పాట పంతులమ్మా. మేం ఇట్టా అనం. ఈ ఘాటులో అంత దమ్ము ఎక్కడిదీ?"

ఆమె అదే పాట పాడి చూపించింది. చిన్న చిన్న ముక్కలు, మధ్యలో దగ్గు, చేతిలో కాయ బుట్టలో పడ్డాక మళ్ళీ ఎత్తు. ఊపిరి ఆడనిచోట పుట్టిన పాటకి ఊపిరి నిండా పీల్చుకునే చోట సంగతులు చేరాయి. మెరుగులంటామే, అవి అక్కడినుంచే వచ్చాయి. పెద్దమ్మకి కోపమొచ్చింది, తన దేవతల్ని ఎవరో తప్పుపట్టినట్టు. నేనూ పెద్దమ్మ పక్షమే అప్పుడు. కూలి ఇచ్చే వైపు వాళ్ళం కదా.

ఆమె పేరు ఏ రేడియో ప్రకటనలోనూ రాదు. 'జానపదం' అన్న ఒక్క మాటలో అలాంటి వాళ్ళందరూ సర్దుకోవాలి. అయితే ఈ అన్యాయం పాడినవాళ్ళకీ తగిలింది. 'జయ జయ జయ ప్రియ భారత' రాసింది కృష్ణశాస్త్రి అని బళ్ళో చెప్పారు. బాణీ కట్టింది అనసూయ అని నాకెవరూ చెప్పలేదు, పెద్దమ్మతో సహా. 'మా భూమి' సినిమాకి సంగీతం చేసినవాళ్ళలో సీత ఒకరని కూడా చాలా ఆలస్యంగా తెలిసింది. పొలం పాట ఆమె దగ్గర పోరాటం పాట పక్కన నిలబడిందన్నమాట. సభలో విన్న జంటని దాటి సీత ఒక్కతే చేసిన ప్రయాణం అది. దాని గురించి మన విమర్శ ఎంత రాసింది?

అనసూయ తన ఆత్మకథకి 'అసమాన అనసూయ' అని పేరు పెట్టుకున్నారు. మొదట అది చూసి గర్వమనుకుని నొచ్చుకున్నాను. ఇప్పుడు అలా అనిపించడం లేదు. డెబ్భై ఎనభై ఏళ్ళు ఒక జంట పేరులో సగంగా బతికిన మనిషి ఒక్కసారి ఒంటరిగా తన పేరు గట్టిగా చెప్పుకుంటే వినడానికి మనకెందుకంత ఇబ్బంది? మగ విద్వాంసుల బిరుదులు ఎన్ని మింగలేదు మనం!

2019 మార్చిలో అనసూయ హ్యూస్టన్‌లో చనిపోయారు. పేపరు చదివి వినిపించాను. పెద్దమ్మ అప్పటికి మంచం మీదే ఉంది. చాలాసేపు పలకలేదు. తర్వాత, "మరి సీతో? ఒక్కతే ఎట్టా ఉంటదే?" అంది.

సీత 2016లోనే పోయారు. నేనూ పేపర్లో చూసే ఉంటాను. ఆమెకి చెప్పాలని తోచలేదు.