యెరికో, సిలోయము: ఒకే త్రాసులో తూచవలసిన రెండు సాక్ష్యాలు

పురావస్తు శాస్త్రం బైబిలును రుజువు చేసిందనే మాట మన ప్రసంగాల్లోనూ కరపత్రాల్లోనూ తరచుగా వినిపిస్తుంది. ఆ మాట ఏ ఆధారంపై నిలుస్తుందో రెండు స్థలాలను తీసుకొని పరిశీలిద్దాం.

మొదటిది యెరూషలేములోని సిలోయము సొరంగం. 2 రాజులు 20:20, 2 దినవృత్తాంతములు 32:30 ఆధారంగా, 533 మీటర్ల ఈ కాలువను హిజ్కియా త్రవ్వించాడని పండితులు భావిస్తూ వచ్చారు. అయితే 1880లో దాని గోడపై బయటపడిన శాసనంలో ఏ రాజు పేరూ లేదు. 1996లో రోజర్సన్, డేవిస్ అనే పండితులు ఇది హస్మోనీయుల కాలానిదని వాదించారు. 2003లో అమోస్ ఫ్రమ్‌కిన్ బృందం సొరంగం గారలో చిక్కుకున్న మొక్కల అవశేషాలను రేడియోకార్బన్ పద్ధతిలోను, పైకప్పు నుండి వేలాడే సున్నపు కడ్డీని యురేనియం-థోరియం పద్ధతిలోను పరీక్షించింది. ఫలితాలు క్రీ.పూ. 700 ప్రాంతానికి సరిపోయాయి. ఈ ఫలితాన్ని మనం సంతోషంగా ఉదహరిస్తాం.

రెండవది యెరికో. 1930-36లో అక్కడ త్రవ్వకాలు జరిపిన జాన్ గార్‌స్టాంగ్, కూలిన గోడలు యెహోషువ నాటివన్నాడు. 1952-58లో కేథ్లీన్ కెన్యన్ పొరలను మరింత జాగ్రత్తగా పరిశీలించి, ఆ గోడలు అంతకు సుమారు వెయ్యేళ్ల పూర్వానివని, తగులబడిన ప్రాకార నగరం క్రీ.పూ. 1550 ప్రాంతంలో నశించిందని తేల్చింది. 1990లో బ్రయంట్ వుడ్, కుండపెంకుల ఆధారంగా ఆ నాశనం క్రీ.పూ. 1400 ప్రాంతానిదని వాదించి, బ్రిటిష్ మ్యూజియం ఇచ్చిన ఒక రేడియోకార్బన్ అంకెను కూడా చూపాడు. లెక్కలో దోషం ఉందని గుర్తించి ఆ అంకెను మ్యూజియమే సవరించింది. 1995లో బ్రూయిన్స్, వాన్ డెర్ ప్లిఖ్ట్ అదే నాశనపు పొరలోని కాలిన ధాన్యాన్ని పరీక్షించారు. ఇంటి దూలం మంటకు వందేళ్ల ముందు పెరిగిన చెట్టుది కావచ్చు. గాదెలోని గింజ మాత్రం మంటకు కొద్దికాలం ముందటి పంటదే. ఆ గింజలు క్రీ.పూ. 1400 కంటే వందేళ్లకు పైగా పూర్వపు కాలాన్నే చూపాయి.

ఇక్కడే మన పరీక్ష. సిలోయము దగ్గర రేడియోకార్బన్‌ను సాక్షిగా పిలిచి, యెరికో దగ్గర అదే సాక్షిని అబద్ధికుడనడం న్యాయం కాదు. వేర్వేరు తూనికరాళ్లు యెహోవాకు హేయమని మనమే బోధిస్తున్నాం. పద్ధతిలో లోపం ఉంటే చూపవచ్చు, చూపాలి కూడా. కానీ ఫలితం నచ్చలేదన్నది లోపం కాదు.

అలాగని ఈ పద్ధతులు చెప్పనిదాన్ని వాటి నోట పెట్టడమూ తగదు. ఒక మొక్క ఎప్పుడు చనిపోయిందో రేడియోకార్బన్ చెబుతుంది. కాలువ త్రవ్వించినవాడు ఏ రాజో, ప్రాకారం కూలినప్పుడు దేవుడు ఏమి చేశాడో అది చెప్పలేదు. యెరికో పైపొరలు చాలావరకు కొట్టుకుపోయాయని కెన్యనే రాసింది. కాబట్టి గింజల వయసు యెహోషువ 6వ అధ్యాయంపై తుది తీర్పు కాదు. అయితే ఆ గోడలను చూపి "శాస్త్రం రుజువు చేసింది" అనే హక్కు కూడా మనకు లేదు.

ఈ మాట విన్న యువకుడు రేపు కళాశాల గ్రంథాలయంలో కెన్యన్‌ను చదువుతాడు. అప్పుడు అతడు అనుమానించేది గార్‌స్టాంగ్‌ను కాదు, తన కాపరిని. "ఇది ఇంకా తేలలేదు" అని ముందే చెప్పిన కాపరి మాటను మాత్రం అతడు ఆదివారం మళ్లీ వింటాడు.