చినుకుల లెక్క

జల్లించిన మైదాపిండిని పళ్లెంలో అంగుళం మందాన పరిచి, వానలో కొన్ని సెకన్లు పెట్టి లోపలికి తెచ్చేస్తే ఒక్కో చినుకూ ఒక్కో పిండి ఉండ అవుతుంది. ఆరాక మళ్లీ జల్లెడ పడితే ఉండలు మాత్రమే మిగులుతాయి. అమెరికాలోని వెర్మాంట్ రైతు విల్సన్ బెంట్లీ ఈ పద్ధతిని 1904లో ప్రచురించాడు. మా ఊరు ఐరాలలో నేను చేసేదీ అదే. కాకపోతే ఉండల్ని నల్లగుడ్డ మీద పోసి ఫోటో తీసి, ఇమేజ్‌జే అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో లెక్కిస్తాను.

అసలు పని ఫోటో తీశాకే మొదలవుతుంది. నలుపు 0, తెలుపు 255 అనుకుంటే, ఎంత దాటినదాన్ని ఉండగా లెక్కించాలి? ఆ హద్దే త్రెషోల్డ్. తగ్గిస్తే గుడ్డకంటిన పిండి నలుసులన్నీ చినుకులైపోతాయి. పెంచితే ఉండకు నీడ పడిన వైపు కరిగిపోయి నెలవంక మిగులుతుంది. జపాన్ శాస్త్రవేత్త ఒట్సు 1979లో చెప్పిన సూత్రంతో ఆ హద్దును కంప్యూటరే ఎంచగలదు. కానీ గుడ్డ మీద ఉండలు పలుచగా ఉంటే అది తడబడుతుంది. అందుకే చేత్తో లెక్కబెట్టిన సగ్గుబియ్యం ఫోటో తీసి, ఆ లెక్క సరిపోయేదాకా హద్దు జరుపుతాను.

అన్నిటికన్నా, లెక్కలోకి తీసుకునే కనిష్ఠ సైజు దగ్గర ఎక్కువ ఆలోచించాలి. చిన్నవి వదిలేస్తే చినుకుల సంఖ్య బాగా పడిపోతుంది, నీటి కొలత మాత్రం పెద్దగా మారదు. 4 మిల్లీమీటర్ల చినుకు ఒక్కదానిలో, 1 మిల్లీమీటరు చినుకులు 64 కలిస్తే ఉన్నంత నీరుంటుంది. పైగా చిన్నది సెకనుకు సుమారు 4 మీటర్ల వేగంతో దిగితే, పెద్దది దాదాపు 9 మీటర్ల వేగంతో వచ్చి పడుతుంది. శెనక్కాయ చేలో ఎర్రమన్ను లేచిపోయేది ఆ దెబ్బకే. కాబట్టి ఏ ప్రశ్నకు జవాబు కావాలో ముందు తేల్చుకోకుండా సెట్టింగు ముట్టుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

పాకాల దగ్గరి గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడ చినుకు తగిలిన దెబ్బను విద్యుత్ సంకేతంగా మార్చి సైజు చెప్పే పరికరంతో ఏళ్ల తరబడి కొలిచారు. గంటకు ఒకే మోతాదులో కురిసినా, ఈశాన్య రుతుపవనాల వానకన్నా నైరుతి వానలో పెద్ద చినుకులు ఎక్కువని తేల్చారు. సాయంత్రం ఉరుములతో వచ్చే వానకూ, కార్తీకంలో పట్టే ముసురుకూ ఉన్న తేడా మా ఊళ్లో అందరూ ఒంటితో ఎరిగిందే. అది అంకెల్లో కనబడటం నాకెంతో ఆనందం.

అయితే ఆ తేడా నా లెక్కలో కనబడాలంటే ఒక చిక్కుంది: పెద్ద ఉండలే ఎక్కువగా ఒకదానికొకటి అతుక్కుంటాయి. గుండ్రంగా లేనివాటిని తీసేయమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పామా, అతుక్కున్న ఆ జంటలే ముందు పోతాయి. అందులోని వాటర్‌షెడ్ అనే ఆజ్ఞ జంటను విడదీస్తుంది కానీ, వంకర ఉండనూ రెండు చేసేస్తుంది. నేను ఆ రెండు సౌకర్యాలూ వాడను. ఫోటోకు ముందే పుల్లతో ఉండల్ని విడివిడిగా జరుపుతాను. నైరుతి వానకు పెట్టిన త్రెషోల్డ్, కనిష్ఠ సైజు, ఫోటోకు వాడే దీపం ఎత్తు నోటుబుక్కులో రాసి ఉన్నాయి. ముసురు పట్టినప్పుడూ అవే అంకెలు, అదే దీపం.