భయానికి దరువు

పేరు ఇంకా రాకముందే పేరు గురించి పాటలు కట్టుకుంది లేడీ గాగా. 2008 నాటి తొలి ఆల్బమ్ ‘ది ఫేమ్’ నిండా ఆ మోజే. ఏడాది తిరిగేసరికి ఆ పేరు నిజంగానే వచ్చిపడింది. ఊరూరా కచేరీలు చేస్తూనే 2009 నవంబరులో ‘ది ఫేమ్ మాన్‌స్టర్’ విడుదల చేసింది. ఉన్నవి ఎనిమిది పాటలే. తనను వెంటాడిన భయాలే వాటికి మూలమని ఆమే చెప్పింది: ప్రేమంటే భయం, ఒంటరితనమంటే భయం, మద్యమంటే భయం, చావంటే భయం. ఇన్ని భయాలతో జనం చేత చిందేయించడం ఎలా? ఈ ఆల్బమ్ పనితనమంతా అక్కడే ఉంది.

మాటల్లో దుఃఖం, దరువులో హుషారు: డిస్కో కాలం నుంచీ డ్యాన్స్ సంగీతానికి ఉన్న అలవాటే ఇది. నాలుగు దెబ్బల ఆవృత్తంలో ప్రతి దెబ్బకీ బేస్ డ్రమ్ ఒకే బరువుతో మోగుతుంది. మాటల అర్థం మనసుకు పట్టేలోగా కాళ్లు కదిలిపోతాయి. ఎనిమిదింట్లో నాలుగు పాటలకు నిర్మాత రెడ్‌వన్. మొరాకోలో పుట్టి, స్వీడన్‌లో సంగీతకారుడిగా ఎదిగిన ఇతని చేతిలో సింథసైజర్ హోరు కూడా రాగంలా పలుకుతుంది.

‘బ్యాడ్ రొమాన్స్’ వినండి. పాట ఏ మైనర్‌లో సాగుతుంది. కర్ణాటక సంగీతం తెలిసిన చెవికి నఠభైరవి స్వరాలు తగులుతాయి. పల్లవిలో ఒక కార్డ్ దగ్గర మాత్రం కైశికి నిషాదం కాస్తా కాకలి నిషాదమై కీరవాణి నీడ పడుతుంది. ఆ అర స్వరం జరిగినచోట నాకు ప్రతిసారీ గుండె జారినట్టే ఉంటుంది. ఈ పాట మొదట జనం ముందుకొచ్చింది పారిస్‌లో, అలెగ్జాండర్ మెక్‌క్వీన్ ఫ్యాషన్ ప్రదర్శనలో. ఫ్రాన్సిస్ లారెన్స్ తీసిన వీడియో బాహ్ స్వరపరచిన ఫ్యూగ్‌తో మొదలవుతుంది. ఎత్తుకొచ్చిన యువతిని మగవాళ్ల ముందు వేలం వేస్తారు. చివరికి కాలిపోయిన మంచం మీద కొన్నవాడి ఎముకలు మిగులుతాయి. తారను చూపులతో బేరమాడే లోకం గురించి ఇంతకన్నా సూటిగా చెప్పిన పాప్ వీడియో నేను చూడలేదు. వీడియోలో ఆమె తొడుక్కున్న మెక్‌క్వీన్ వింత బూట్లూ, కళ్లను బొమ్మ కళ్లంత పెద్దవిగా మార్చడమూ అలంకారం కోసం కాదు. అమ్మకానికి నిలబెట్టిన ఒంటిని అవి మన కళ్లముందు పెడతాయి.

అయినా నా మనసు ఎక్కువగా నిలిచేది ‘డ్యాన్స్ ఇన్ ది డార్క్’ దగ్గర. తన ఒంటిని చూసుకుని సిగ్గుపడే అమ్మాయి, ప్రియుడు చూడకుండా దీపాలార్పమంటుంది. పాట మధ్యలో గాగా పాడటం మాని, మాటలాడుతున్నట్టు పేర్లు చదువుతుంది. మార్లిన్ మన్రో, జూడీ గార్లాండ్, సిల్వియా ప్లాత్, యువరాణి డయానా ఆ వరసలో ఉన్నారు. చదువుతున్నంతసేపూ దరువు మోగుతూనే ఉంటుంది. దీపాలకు భయపడే ఒక మామూలు పిల్ల దిగులూ, దీపాల వెలుగులోనే కుంగిపోయిన ఆడవాళ్ల దిగులూ ఆ కాసేపట్లో ఒకటైపోతాయి. నివాళికి పాప్ సంగీతంలో ఇంత గౌరవమైన చోటు దొరకడం అరుదు.

యంత్రాల మోత మధ్య ‘స్పీచ్‌లెస్’ ఒక్కటే పియానో పాట. గుండె ఆపరేషన్‌కు ఒప్పుకోని తండ్రి కోసం రాసింది. ఆ తర్వాత ఆయన ఆపరేషన్ చేయించుకున్నారు. బియాన్సేతో కలిసి పాడిన ‘టెలిఫోన్’ పైకి సరదాగా ఉన్నా, పని వదలని మనిషి ఉక్కిరిబిక్కిరే దాని లోపలి భయం. చివరిదైన ‘టీత్’లో మాత్రం మిగతా పాటల పట్టు కనిపించదు. 2011లో ఈ ఆల్బమ్‌కు ఉత్తమ పాప్ వోకల్ ఆల్బమ్‌గా గ్రామీ వచ్చింది.

గాగా ‘మాన్‌స్టర్ బాల్’ కచేరీల్లో భయంతో ఆడే ఈ నాటకం పూర్తి రూపానికి వచ్చింది. 2010లో మార్చిన ప్రదర్శనలో, చేప మూతి ఉన్న భారీ రాక్షసి బొమ్మ వేదిక మీదికొచ్చి గాగా మీద పడి ఆమె దుస్తులు లాగేస్తుంది. ఆమె నిప్పురవ్వలు చిమ్ముతూ తిరిగొచ్చి దాన్ని చంపేస్తుంది. ఆ గెలుపు తర్వాత ఆమె ఎంచుకున్న ఆఖరి పాట ‘బ్యాడ్ రొమాన్స్’.