గుడారపు వెలుగును నిలిపినవాడు

1933 జూన్ 6వ తేదీన అమెరికాలోని క్యామ్డెన్ నగర సమీపమున, కార్లలోనే కూర్చుండి చూచెడి తొలి డ్రైవిన్ థియేటరు వెలసినది. తెలుగునాట అంతకు చాల మునుపే, 1910 ప్రాంతముననే, రఘుపతి వెంకయ్యగారు క్రోనోమెగాఫోను అను ప్రదర్శనయంత్రముతో ఊరూర గుడారములు వేసి చిత్రములు చూపిరి. ఆ బాటలోనే, ద్రోణాచలమను నామాంతరముగల డోన్ వంటి రైలు కూడలుల చుట్టుపట్ల పల్లెలకు టూరింగ్ టాకీసులు వినోదనిలయములైనవి.

అందు ఆపరేటరు నైపుణ్యము మిక్కిలి ప్రశంసార్హము. ప్రొజెక్టరులో వెలుగునిచ్చు బొగ్గుకడ్డీలు కాలి తరుగుచున్నకొలది వాని నడిమి ఎడమును చేతితో సవరించుచు వెలుగును నిలుపవలసియుండెను. నిమిషమునకు 90 అడుగుల చొప్పున పరుగిడు ఫిల్ము తెగెనా, కొసలు కత్తిరించి, మందుపూతను బ్లేడుతో గీకి, ఫిల్ము సిమెంటుతో అతికి, నేలతరగతి ఈలలు మిన్నుముట్టకమునుపే బొమ్మను తెరపైకి తేవలసియుండెను. ఒకే ప్రొజెక్టరున్నచోట రీలురీలుకును విరామము తప్పెడిది కాదు. ఆ విరామమే బొరుగులు, వేరుసెనగలు, సోడాలు అమ్ముకొనువారికి సంతవేళ అయ్యెడిది.

డిజిటల్ యంత్రములు వచ్చి ఆ విద్యను మరుగుపరచినవి. నేర్చినవారు మన నడుమ నున్నప్పుడే వారి అనుభవములను అడిగి వ్రాసికొని భద్రపరచుట మన గ్రంథాలయముల విధి.