విందుబల్లపై పచ్చికూరల కొలువు

బెంగుళూరు కల్యాణమండపములలో ఇటీవల భోజనశాలకు పోవు త్రోవలోనే ఒక పొడవైన బల్ల కనబడుచున్నది. దానిపై పుచ్చకాయ తొక్కమీద చెక్కిన వధూవరుల నామములు, ముల్లంగి తామరలు, టమాటా తొక్కతో చుట్టిన గులాబీలు, కారెట్టు చిలుకలు కొలువుతీరి యుండును. దీనిని సలాడు బల్ల యందురు. పనివాని హస్తనైపుణ్యమును నేను తక్కువ చేయను. రేకులుగా చీల్చిన ముల్లంగిని చల్లని నీట నుంచినచో, నీరు పీల్చుకొని రేకులు వెనుకకు విచ్చుకొనును. ఆ కిటుకు నెఱిగి తగిన వేళకు పైకి తీయుట అందఱకును చేతనగు పని కాదు.

అయినను అతిథి ఆ బల్లను చూచి మెచ్చుకొనును. ముట్టుకొనక ముందుకు సాగును. మర్యాదస్థునికి చిలుక మెడ విఱుచుటకు చేయి రాదు గదా! తినుటకై యుంచినవి ఆ వెనుక పళ్లెములోని దళసరి చక్రములు. ప్రొద్దుట కోసినవి గనుక పండ్రెండు గంటలకు వాని యంచులు ఎండిపోవును. దంతములు సడలిన పెద్దలకు అట్టి కారెట్టు చక్రము నందించుట గౌరవమా, పరిహాసమా యని నాకు సందేహము. కంటికి విందు చేసి నోటిని పస్తుంచు పనిని కళ యని పొగడుటకు నేను సిద్ధముగా లేను.

చూపునకును నోటికిని సరిపడు వస్తువు మన విస్తరిలోనే కలదు. కన్నడదేశమున కోసంబరి, తమిళదేశమున కోసుమల్లి, మహారాష్ట్రమున కోశింబీర్ అని, మనవారు స్థిరపడిన మూడు సీమలలోను ఆ పేరు కొలది మార్పుతో వినబడును. పాకము మాత్రము ఒకటి కాదు. మహారాష్ట్రులు తఱచుగా వేరుసెనగపొడియు పెరుగును కలుపుదురు. బెంగుళూరున నానిన పెసరపప్పు ప్రధానము. శ్రీరామనవమినాటి మన వడపప్పునకు ఇది దగ్గఱి చుట్టము.

ఇందలి నేర్పంతయు వేళలో నున్నది. పదిమందికి పావుకిలో పెసరపప్పు చాలును. గంటసేపు నానవలెను, గోటితో నొక్కిన విఱుగవలెను గాని నలుగరాదు. నీటిని పూర్తిగా వార్చవలెను. దోసకాయ (ఇచట సౌతెకాయి యనునది, కోస్తావారి పసుపుపచ్చని దోసకాయ కాదు) లేతదిగా నుండవలెను, కొన కోసి చేదు చూచిన పిమ్మటనే తఱుగవలెను. కొబ్బరికోరు, పచ్చిమిరప, కొత్తిమీర చేర్చి, ఆవాలు, ఇంగువ, కరివేపాకుల పోపు చల్లారిన పిదప కలుపవలెను. ఉప్పు, నిమ్మరసము మాత్రము విస్తళ్లు పఱచిన తరువాతనే. ముందుగా ఉప్పు పడెనా, దోసకాయ నీరు వదలును. అంతయు చవి చెడి ముద్ద యగును. ఇక రంగులందురా? పప్పు పసుపు, కొబ్బరి తెలుపు, కొత్తిమీర పచ్చన, పైన నాలుగు దానిమ్మగింజలు. ఎవ రెంత తీసికొన్నను చెడని చిత్రమది.

శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని అతిథిపూజను వర్ణించుచు, వానకాలమునకు, చలికాలమునకు, వేసవికి వేర్వేఱు భోజనములు చెప్పెను. ఋతువు నెఱిగి వడ్డించుటయే అచట ప్రశంసకు పాత్రమైనది. మండపపు బల్లకు ఋతువు లేదు. మాఘమునను జ్యేష్ఠమునను అవే గులాబీలు. కోసంబరిలోనో, వేసవి రాగానే పచ్చిమామిడి తురుము చేరును.

మండపముల మాట యటుంచి, నన్ను బాధించునది మన యిండ్లలోని సంగతి. తరతరములుగా ఇచట నున్న మన కుటుంబములలోను కోసంబరి పండుగనాటి నైవేద్యముగా మిగిలి, కచేరీ మిత్రులు భోజనమునకు వచ్చిననాడు చాటునకు పోవుచున్నది. ఆనాడు క్యాబేజీ తఱుగుపై సీసాలోని తెల్లని గుజ్జు పోసి, నడుమ టమాటా గులాబీ నొకదానిని నిలుపుదురు. పప్పు నానినదో లేదో గోటితో చెప్పగల అవ్వ వంటింటి గుమ్మమున కూర్చుండి చూచుచుండును. ఆమె నెవరును పిలువరు. దస్త్రములు సర్దిన గుమాస్తాకు వంటతో పనియేమని నవ్వువారు నవ్వుదురు గాక! కట్ట అందముగా నున్నదని ఏ యధికారియు దస్త్రమును మెచ్చుకొనలేదు. వెదకిన కాగితము చేతికి రావలెను.

అలంకారము కావలెనన్న, పళ్లెములో అరటియాకు పఱచి, అంచున పలుచని దోసకాయ బిళ్లలను ఒకదానిపై నొకటి వాల్చి, మధ్య కోసంబరిని గోపురముగా పోయవచ్చును. నిమ్మచెక్కలు ప్రక్కన నుంచిన చాలును. ఉప్పు మాత్రము ఆ అవ్వ చేతనే వేయింపవలెను. అతిథులు చేతులు కడుగుకొని కూర్చుండు వఱకు ఆగుమని ఆమెకు చెప్ప నక్కఱలేదు.