చాపకూడు, ఏడు గడియలు: పల్నాటి ఇద్దరు మంత్రుల నాయకత్వం

నరసరావుపేట కాలేజీల్లో ‘టీమ్ లీడర్ లక్షణాలు’ అని పాఠం చెప్పేటప్పుడు బోర్డు మీదికి ఎక్కే జాబితా మనకు తెలిసిందే. ఆత్మవిశ్వాసం, మాట నేర్పు, చురుగ్గా నిర్ణయం తీసుకోవడం, నలుగురినీ కలుపుకుపోవడం. ఆ జాబితా చేతపట్టుకుని పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధ కథ చదివితే చిక్కొచ్చి పడుతుంది. మాచర్ల పక్షాన బ్రహ్మనాయుడికీ, గురజాల పక్షాన నాయకురాలు నాగమ్మకూ ఆ గుణాల్లో ఏదీ పూర్తిగా కొరవడలేదు. అయినా ఆ ఇద్దరి చేతుల మీదుగానే రెండు వైపుల వీరులూ కారంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున నేలకొరిగారు. జాబితాలో ఏదో తక్కువైందన్నమాట. అదేమిటో తెలియాలంటే ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చూడాలి.

పోల్చేముందు ఒక జాగ్రత్త. ఈ ఇద్దరూ మన దాకా వచ్చింది శాసనాల్లోంచి కాదు, పాటలోంచి, కావ్యంలోంచి. శ్రీనాథుడిదిగా చెప్పే ద్విపద కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించారు. వీరవిద్యావంతులు పాడే కథ వేరుగా సాగుతూ వచ్చింది. అమెరికన్ పరిశోధకుడు జీన్ రోఘైర్ గాయకుడు అలిసెట్టి గాలెయ్య నోట విని ఆ కథను ఇంగ్లీషులోకి తెచ్చాడు, 1982లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించింది. పాడేవాళ్లు మాచర్ల వీరులను దేవుళ్లుగా కొలిచేవాళ్లు. కాబట్టి బ్రహ్మనాయుడి తప్పులు మెల్లగా, నాగమ్మ తప్పులు గట్టిగా వినిపిస్తాయి. ఆ మొగ్గును లెక్కలో ఉంచుకునే తూకం వేయాలి.

పదవి వచ్చిన దారి

బ్రహ్మనాయుడిది వారసత్వం. తండ్రి దొడ్డనాయుడు పల్నాటి రాజు అనుగురాజు కొలువులో మంత్రి. కొడుక్కి అధికారం ఇంట్లోనే పరిచయం. నాగమ్మది అలా కాదు. జిట్టగామాలపాడులో ఉండే ఆడమనిషి, అందులోనూ వైధవ్యం. వేట అలసటతో వచ్చిన రాజుకూ పరివారానికీ పందిరి నీడ, తిండి, నీళ్లు సమకూర్చిందనీ, మెచ్చిన రాజు వరమిస్తే ఏడు గడియల మంత్రిత్వం అడిగిందనీ కథ. గడియకు 24 నిమిషాల లెక్కన అది మూడు గంటలు కూడా కాదు. భూమి అడగలేదు, సొమ్ము అడగలేదు. తన సత్తా చూపుకోవడానికి కొంచెం సమయం అడిగింది. ఆ కాసేపట్లో ఏం చేయగలదో చూపించాక ఆమెను కదిలించడం ఎవరి తరమూ కాలేదు.

ఈ ఒక్క విషయంలో నాగమ్మదే పైచేయి అనడానికి నేను వెనుకాడను. దండు అలసిపోయిందని ముందుగా పసిగట్టింది, దానికి కావలసింది అమర్చింది, ఆ తర్వాతే తన మాట చెప్పింది. పదవి ముందూ పని తర్వాతా అనుకునేవాళ్లు ఈ వరస తిరగేస్తారు.

మనుషులను కూడగట్టడం

ఇక్కడ తూకం పూర్తిగా బ్రహ్మనాయుడి వైపు ఒరుగుతుంది. మాచర్ల చెన్నకేశవుడి సాక్షిగా ఆయన నిలబెట్టిన చాపకూడులో కులం ఎంచకుండా అందరూ ఒకే చాప మీద కూర్చుని తిన్నారు. మాల కులంలో పుట్టిన కన్నమదాసును కొడుకుగా చేరదీసి, సేనను నడిపే స్థానం అప్పగించాడు. పన్నెండో శతాబ్దంలో ఇది మాటలు కాదు. ఏడాదికోసారి పెట్టే విందయితే ఎవరైనా చేయగలరు. రోజువారీ తిండిని అలా మార్చడం, ఆ పంక్తిలోని వాడి చేతికే సేనను ఇవ్వడం వేరు. బ్రహ్మనాయుడి వైపు వీరుల పేర్లు వరసగా చెప్పుకుంటూ పోవచ్చు. కారంపూడి వీరుల గుడి వాళ్లందరికీ తలా ఒక చోటు ఇచ్చింది.

నాగమ్మ పక్షాన పేర్లు వెతకండి. గురజాల రాజు నలగామరాజు, నరసింగరాజు. వాళ్లు ఆమె కూడగట్టిన మనుషులు కారు, ఆమె కొలిచిన రాజకుటుంబం. తన కింద ఒకరిని పెంచిందనీ, తాను లేనప్పుడు పని నడిపే మనిషిని తయారు చేసిందనీ కథ ఎక్కడా చెప్పదు. ఎదుటి పక్షం గాయకులు ఆ పేర్లు వదిలేసి ఉండొచ్చు. అయినా కథలో ఉన్నంతవరకు ఆమె బలమంతా రాజు చెవి ఒక్కటే. ఆ చెవి తన వైపు ఉన్నన్నాళ్లూ ఆమెకు తిరుగులేదు. అలాంటి నాయకత్వానికి పునాది ఒకే స్తంభం.

ఈ కథ మీద వచ్చిన రెండు సినిమాలూ ఈ తేడాను ఇంకో రకంగా పట్టుకున్నాయి. 1947 నాటి ‘పల్నాటి యుద్ధం’లో కన్నాంబ, 1966 నాటి దానిలో భానుమతి నాగమ్మలయ్యారు. ఇద్దరూ తెర మీద ఒంటరిగా నిలబడి పదిమందికి సమాధానం చెప్పగల నటీమణులు. నాగమ్మ పాత్రకు అలాంటివాళ్లే కావాలి, ఎందుకంటే కథలో ఆమె పక్కన నిలబడేవాళ్లు లేరు.

‘వద్దు’ అనేవాళ్లు ఎవరు?

పల్నాటి కథను భారతంతో పోల్చడం మనకు అలవాటు. పందెం, వనవాసం, రాయబారం, యుద్ధం అన్నీ కలుస్తాయి. బ్రహ్మనాయుణ్ణి కృష్ణుడి స్థానంలో పెడతారు. అయితే ఒక ముఖ్యమైన చోట పోలిక తప్పుతుంది. జూదం ఆడిన సభలో కృష్ణుడు లేడు. కోడిపందెంలో బ్రహ్మనాయుడు స్వయంగా ఉన్నాడు. తన పుంజు చిట్టిమల్లును నాగమ్మ పుంజు శివంగి డేగ మీదికి వదిలి, ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం విడిచి పోవాలన్న షరతుకు తల ఊపాడు. అంటే సలహా చెప్పాల్సిన మంత్రే ధర్మరాజులా పందెం కాశాడు. నాగమ్మ మోసం చేసి గెలిచిందని కథకులు నొక్కి చెబుతారు. చేసిందనే అనుకుందాం. ఒక రాజ్యాన్నీ, దాన్ని నమ్ముకున్న ఊళ్లనూ కోడి కాలికి కట్టమని ఆమె ఆయన్ని బలవంతం చేయలేదు.

ఆయన్ని ఆపేవాళ్లు ఎందుకు లేకపోయారు? జవాబు ఆ కథలోనే ఉంది. పాటలో బ్రహ్మనాయుడు విష్ణువు అంశ. చాప మీద పక్కన కూర్చుని తిన్నవాళ్లు ఆయన కోసం ప్రాణమిస్తారు. ‘దొరా, ఈ పందెం మనకొద్దు’ అని మాత్రం అనలేరు. కూటిలో సమానత్వం వచ్చింది గానీ మాటలో సమానత్వం రాలేదు. చాపకూడును పొగిడేవాళ్లు ఈ లోటును చూడరు. కలిసి తినేవాళ్లు కాదనలేకపోతే, ఆ ఐకమత్యం నాయకుడి పొరపాటుకే బలమిస్తుంది.

నాగమ్మకు ఎదుటివాడి మనసు చదవడం వచ్చు. సవాలు విసిరితే బ్రహ్మనాయుడు వెనక్కి తగ్గడని ఆమెకు తెలుసు. కానీ ఆ తెలివే ఆమెను ఎక్కడికి చేర్చిందో చూడండి. ఏడేళ్ల గడువు తీరాక రాజ్యభాగం అడగడానికి మాచర్ల పక్షాన అలరాజు రాయబారిగా వచ్చాడు. పని కాక తిరిగి వెళుతుండగా చర్లగుడిపాడు దగ్గర విషప్రయోగానికి బలయ్యాడు. ఆ కుట్ర నాగమ్మదేనని కథ. ఆ అలరాజు ఎవరో కాదు, నలగాముడి సొంత అల్లుడు, రాజు కూతురు పేరిందేవి భర్త. శత్రువును దెబ్బతీయడానికి తాను కొలిచే ఇంటి ఆడపడుచు తాళి తెంపింది. అప్పటికి ఎత్తు పారింది, దానితో సంధికి ఉన్న దారి దాదాపు మూసుకుపోయింది. ఆ ఇంట్లో ఒక్కరైనా ఆమెను ఆపగలిగి ఉంటే కథ మరోలా ఉండేది. బ్రహ్మనాయుడి చుట్టూ భక్తి వల్ల ఎవరూ నోరెత్తలేదు, నాగమ్మ చుట్టూ ఆ స్థాయి మనిషే లేడు. దారులు వేరు, చేరిన చోటు ఒకటే.

ఆపగలగడం

యుద్ధం ముంగిట బ్రహ్మనాయుడు మళ్లీ సంధికి మొగ్గాడు. అది ఆయన పెద్దరికం. కానీ ఆ మాట నిలబెట్టుకోలేకపోయాడు. యుద్ధానికి దూరంగా మేడపిలో పెట్టిన కొడుకు బాలచంద్రుడు బొంగరాల ఆటలో ఒక స్త్రీ అన్న దెప్పిపొడుపుతో సంగతంతా తెలుసుకుని, తల్లినీ భార్య మాంచాలనూ వీడ్కొని కారంపూడి చేరాడు. సంధి మాట విని మండిపడ్డాడు. అక్కడితో పెద్దల ఒప్పందం చెల్లిపోయింది. వందలమందిని ఒక్క తాటి మీద నడిపిన మనిషి, సొంత కొడుకును ఆ రోజు ఆపలేకపోయాడు. ఇది తండ్రి బలహీనతని చాలామంది సరిపెట్టుకుంటారు. నా లెక్కలో ఇది శిక్షణలో లోపం. ఆయన పక్షంలో పౌరుషం నేర్పారు, చావడం నేర్పారు. వెనక్కి తగ్గడం కూడా పరువేనని ఎవరూ నేర్పలేదు.

అనపోతు ఉదంతం దీనికి తోడు సాక్ష్యం. బ్రాహ్మణ మిత్రుణ్ణి యుద్ధంలో చావనివ్వకూడదని బాలచంద్రుడు ఏదో పని చెప్పి అతన్ని వెనక్కి పంపాడు. సంగతి తెలిసిన అనపోతు ప్రాణం తీసుకున్నాడు. ఉద్దేశం మంచిదే. కానీ తోటివాడికి అసలు మాట చెప్పకుండా అతని మంచి తానే నిర్ణయించేశాడు. ఈ కథలో ఒక మనిషిని మాట దాచడమే చంపింది. నాగమ్మ కుట్రల్లో ఉన్న గుట్టు, మాచర్ల పక్షం మంచితనంలోనూ ఉందన్నమాట.

తీర్పు

యుద్ధం ముగిశాక బ్రహ్మనాయుడు మళ్లీ నలగామరాజునే గద్దె మీద కూర్చోబెట్టి గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని కథ. నాగమ్మ చివరికి ఏమైందో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. ఇంతమంది చచ్చాక సింహాసనం మీద ఉన్నది మొదట ఉన్న రాజే. నాయకత్వాన్ని ఫలితంతో కొలిచే పక్షంలో ఇద్దరికీ సున్నాయే.

అయినా పాఠం సున్నా కాదు. మనుషులను ఎంచుకోవడం బ్రహ్మనాయుడి దగ్గర నేర్చుకోవాలి. అవసరాన్ని ముందుగా పసిగట్టి, పని చేసి చూపించి చోటు సంపాదించుకోవడం నాగమ్మ దగ్గర నేర్చుకోవాలి. ఇద్దరి దగ్గరా దొరకనివి రెండు: తనను కాదనే మనిషిని పక్కన ఉంచుకోవడం, తన వాళ్లను సమయానికి ఆపగలగడం. బోర్డు మీది జాబితాలో తక్కువైనవి ఇవే.

ఈ రెండూ పాత కథకు పరిమితం కావు. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడింది. రెండేళ్లు తిరిగాక 2024 మే ఎన్నికల సమయంలో మాచర్ల, నరసరావుపేట, కారంపూడి పేర్లు గొడవలతో, 144 సెక్షన్‌తో దేశమంతా వినిపించాయి. పౌరుషం పేరు చెప్పి కుర్రాళ్లను ఎగదోసేవాళ్లకు ఇక్కడ ఎప్పుడూ కరువు లేదు. ‘ఆగండ్రా’ అంటే ఆగే దండును తయారు చేసినవాళ్లే తక్కువ.

కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు వీరుల తిరునాళ్లు జరుగుతాయి: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. జనం కోడిపోరు నాడు ఎగబడతారు. డ్వాక్రా సంఘం నడిపే అక్కయ్య అయినా, మిర్చి రైతుల బృందానికి పెద్ద అయినా, ఆఫీసులో పదిమంది మీద కొత్తగా టీమ్ లీడర్ అయిన కుర్రాడైనా రాయబారం రోజును శ్రద్ధగా చూడాలి. పల్నాటి కథ చెడింది అక్కడే. కొత్తగా నలుగురి బాధ్యత నెత్తికెత్తుకున్నవాళ్లు ముందుగా ‘ఇది వద్దు’ అని మొహం మీద చెప్పగల ఒక్క మనిషిని వెతికి పక్కన పెట్టుకోండి, ఆ మనిషి మాటకు కోపం తెచ్చుకోకండి. మిగతా గుణాలు ఆ తర్వాత నేర్చుకోవచ్చు.