గంటల లెక్కకు అందని ఆట

కొత్త గేమ్ పేరెత్తగానే కుర్రాళ్లు అడిగే మొదటి ప్రశ్న, "ఎన్ని గంటలు వస్తుందండీ?" పెద్ద గేమ్ ధర నాలుగు వేలకు అటూ ఇటూగా ఉన్న రోజుల్లో ఆ ప్రశ్న తప్పని నేననను. ఏడాదికి ఒక్క గేమే కొనుక్కోగలిగిన పిల్లవాడికి వంద గంటల ఆట వరమే. కానీ అది డబ్బు లెక్క. ఆట బాగుందా లేదా అన్నది దాంతో తేలదు.

2023లో టొరంటోకు చెందిన విసై గేమ్స్ అనే చిన్న బృందం చేసిన 'వెన్బా' చూడండి. 1980ల్లో కెనడాకు వలస వెళ్లిన తమిళ దంపతులు, అక్కడే పెరిగే కొడుకు కవిన్. తల్లి దగ్గరున్న పాత వంటల పుస్తకం చిరిగి, అక్షరాలు చెరిగిపోయి ఉంటుంది. ఆ ఖాళీలను మనం ఊహించి పూరిస్తేనే వంట కుదురుతుంది. ఆవిరి సరిగా అందేలా ఇడ్లీ ప్లేట్లు పేర్చడం కూడా ఇందులో ఒక చిక్కుముడే. పెద్దయ్యాక కవిన్ అదే పుస్తకం తెరిచి, అమ్మ భాష సరిగా చదవలేక తడబడతాడు. అక్కడ నాకు గొంతు పూడుకుపోయింది. ఆట మొత్తం గంటన్నర. ఇంతేనా అని పెదవి విరిచినవాళ్లున్నారు. నా మటుకు ఇంకో పది వంటలు చేర్చి ఉంటే అది వంటల గేమ్‌గానే మిగిలిపోయేది, తల్లీకొడుకుల మధ్య పెరిగిన దూరం పలచబడిపోయేది. 2024లో దానికి బాఫ్టా వారి 'డెబ్యూ గేమ్' అవార్డు వచ్చింది.

మరోవైపు, 2022లో 'డయింగ్ లైట్ 2' విడుదలకు ముందు, అందులో ఉన్నదంతా పూర్తి చేయడానికి 500 గంటలు పడుతుందని దాని తయారీ సంస్థ టెక్‌ల్యాండ్ గొప్పగా ప్రకటించింది. ఆటగాళ్లు బెదిరిపోవడంతో, అసలు కథ 20 గంటలేనని వెంటనే వివరణ ఇచ్చుకుంది. 'అసాసిన్స్ క్రీడ్ వాల్హల్లా'లో ఇంగ్లండ్‌లోని ఒక్కో ప్రాంతానికీ వెళ్లి పొత్తు కుదుర్చుకుంటూ పోవాలి. కొన్ని ప్రాంతాలు దాటాక చేతులు ఆడుతుంటాయి, మనసు ఆడదు. నిడివి దానంతటదే పాపం కాదు. 'విచర్ 3' అంతకు తక్కువేం కాదు, కానీ అందులో ఊరి చివర దెయ్యాన్ని వదిలించే చిన్న పని వెనకా ఒక ఇంటి కథ ఉంటుంది. నేను ఎన్ని గంటలైనా ఇస్తాను దానికి.

ఈ గంటల లెక్క దెబ్బ చిన్న గేమ్స్ చేసేవాళ్ల మీద పడుతోంది. గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వాపసు అడగొచ్చు. కొనేవాళ్లకు ఆ రక్షణ ఉండాల్సిందే. కానీ 2021లో 'సమ్మర్ ఆఫ్ 58' అనే హారర్ గేమ్‌కు మంచి రివ్యూలు వచ్చినా రీఫండ్లు వెల్లువెత్తాయి. ఆట రెండు గంటల్లోపే ముగుస్తుంది మరి! దాన్ని చేసిన ఎమికా గేమ్స్ డెవలపర్, ఇక గేమ్స్ తయారీకి నిరవధికంగా దూరంగా ఉంటానని ప్రకటించాడు. అలాంటి కబురు విన్నాక తర్వాతివాడు కథలో లేని నడకలూ తాళాల వెతుకులాటలూ ఇరికించి రెండు గంటలు దాటించాలని చూడడా? అన్ని గేమ్స్‌కూ ఒకే గీత గీయకుండా, చిన్న గేమ్‌లో సగం దాటాక రీఫండ్ లేదని స్టీమ్ నియమం మార్చాలి. గంటన్నర ఆటకు మొదటి ముప్పావు గంట చాలు, నచ్చిందో లేదో తెలిసిపోతుంది.